బోణీకి వచ్చిన మోటారు

చింతామణిలో పంపుసెట్ల స్పేర్లు, ఈమధ్య డ్రోన్ సామాన్లు కూడా అమ్మే ఒక పెద్దాయన మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు. ఆయన ముఖం తలచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

నేను పంటలకు మందు కొట్టే డ్రోన్లు తయారుచేస్తాను. చుట్టుపక్కల రైతులు పిలిస్తే నేనే తీసుకెళ్లి ఎగరేస్తాను. ఎక్కడ చౌక సామాన్లు వెయ్యాలి, ఎక్కడ ఖరీదైనవి వెయ్యాలి అన్నదాంట్లోనే మా పనితనమంతా ఉంది. కాళ్లు చౌకవైనా ఫరవాలేదు, వంగితే మార్చుకోవచ్చు. మోటార్ల దగ్గర మాత్రం నేను పిసినారితనం చూపను. నాలుగింటిలో ఒక్కటి ఆగినా డ్రోన్ ట్యాంకుతో సహా ఎవరి నెత్తిన పడుతుందో దేవుడికే తెలియాలి.

ఒకసారి ఒక మోటారు మార్చాల్సి వచ్చి ఆయన అంగడి తెరవగానే వెళ్లాను. అప్పుడే వాకిట్లో నీళ్లు చల్లి ఊదుబత్తి వెలిగించాడు. ఒరిజినల్ కావాలి, చౌకరకం అంటగట్టొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాను. లోపలికి వెళ్లి, చాలాసేపటికి డబ్బా తెచ్చాడు. డబ్బా ఒరిజినల్‌దే. నేనిచ్చిన నోటు కళ్లకద్దుకున్నాడు.

సాదలి ఊళ్లో ఒక ద్రాక్షతోటకు మందు కొడుతుండగా సరిగ్గా ఆ మోటారే మాడి ఆగింది. డ్రోన్ పక్కనున్న మల్బరీ తోటలో పడి, ట్యాంకు పగిలి, మందంతా చిమ్మింది. ఆ మందు పడిన ఆకు తింటే పట్టుపురుగు బతకదు. ఏ ఆకు మీద పడిందో, ఏ ఆకు మీద పడలేదో ఎవరు చెప్పగలరు? ఆ మల్బరీ తోట యజమానురాలి ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి చర్మం విడిచి, ఆవురావురుమంటున్నాయి. ఆమె తోట మొత్తం వదిలేసి ఊరంతా తిరిగి ఆకు అడుక్కుంది. సరిపోలేదు. చాలా పురుగులు ఆకలికే పోయాయి.

"నాలుగు దుడ్లు మిగిలించుకునేదానికి చౌక సామాన్లు యేసి నా పురుగుల్ని చంపితివి గదమ్మా," అంది నలుగురూ వింటుండగా.

నేను నష్టం కట్టి ఇస్తే తీసుకుంది కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత సాదలి వైపు నుంచి నాకు ఒక్క ఫోనూ రాలేదు.

ఇంటికొచ్చి మోటారు విప్పి, లోపల చుట్టిన తీగను బ్లేడుతో గీకాను. పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. అచ్చంగా చౌకరకం. చేసింది ఆయన, మాట పడింది నేను!

వెళ్లి నిలదీస్తే ఆయన దబాయించలేదు, తల దించుకున్నాడు. ఆ పొద్దు అంగట్లో ఒరిజినల్ లేదట. ఉన్న చౌకదాన్ని పాత ఒరిజినల్ డబ్బాలో పెట్టి ఇచ్చాడట.

"బోణీ బేరమమ్మా. పొద్దున్నే వచ్చిన మనిషికి లేదని ఎట్ల చెప్పేది?"

మా పుట్టింటివాళ్లకీ బాగేపల్లిలో అంగడి ఉంది. బోణీకొచ్చిన మనిషి ఉత్త చేతులతో దిగిపోతే ఆ దినమంతా బేరం ఉండదని మా ఇంట్లోనూ నమ్ముతారు. అందుకే ఆయన భయం నాకు బాగా అర్థమైంది. అర్థమయ్యేకొద్దీ ఇంకా మండింది. వేరే మోటారు ఇస్తానన్నాడు, డబ్బు వాపసిస్తానన్నాడు. నాకవేవీ వద్దు, సాదలికి వచ్చి ఆమె ముందర ఈ మాటే చెప్పమన్నాను. ఈ వయసులో తన మర్యాద ఏం కావాలి అన్నాడు. మరి నా మర్యాద?

సరే, బోణీ పోతుందంటే అంత భయమా, చూద్దాం అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆయన షట్టరు ఎత్తేసరికి నేను మెట్టు మీద ఉండేదాన్ని. మాడిన మోటారు తీసి ఊదుబత్తి పక్కన పెట్టి, ఒరిజినల్ ఉందా అని మర్యాదగా అడిగేదాన్ని. ఉందంటే విప్పి, తీగ గీకి చూపించమనేదాన్ని. విప్పితే అది ఇంకెవరికీ అమ్మడానికి పనికిరాదు, విప్పకపోతే బోణీ లేదు. నా వెనక వచ్చినవాళ్లు ఏమి సంగతని అడిగితే ఓపిగ్గా మొదటినుంచీ చెప్పేదాన్ని. పెద్దాయన చెమట తుడుచుకుంటుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

చివరికి ఒక పొద్దున షట్టరు ఎత్తకుండానే వచ్చి నా స్కూటరు వెనక కూర్చున్నాడు. సాదలిలో ఆమె ముందు చేతులు కట్టుకుని, డబ్బా మార్చింది తానేనని చెప్పాడు. ఆమె ఆయన్ను ఒక్క మాటా అనలేదు. నా వైపు తిరిగి, "నిన్ను అంత మాట అనేస్తినే తల్లీ," అంది.

అక్కడితో వదిలేయొచ్చు. నేను వదల్లేదు. మర్నాడు కూడా షట్టరు ఎత్తే వేళకే వెళ్లాను. మాడిన మోటారు తీసుకెళ్లలేదు. నన్ను చూడగానే ఆయన చేతిలోని ఊదుబత్తి పక్కన పెట్టేశాడు.

"ఒరిజినల్ మోటారు ఉండాదా అప్పా?"

ఆయన ఖాళీగా ఉన్న అర వైపు చూశాడు. దేవుడి పటం వైపు చూశాడు.

"లేదమ్మా."

బోణీ వేళ ఆయన నోటి నుంచి ఆ మాట రావడం బహుశా అదే మొదలు. ముందే అని ఉంటే ఆ పురుగులు బతికేవి. నేను ఉత్త చేతులతో మెట్లు దిగాను. ఆ రోజు ఆయనకు బేరం సాగిందో లేదో తెలుసుకోలేదు. సాగకూడదనే కోరుకున్నాను.