జప్తు చేసిన బర్రె

అప్పు తీర్చినవాడికి కంటినిండా నిద్ర పడుతుందంటారు. మెదక్‌లో వడ్రంగం చేసుకునే వడ్ల గాలయ్యకు మాత్రం అప్పు తీర్చిన తర్వాతే నిద్ర కరువైంది. కారణం పక్కింటి యోసేపు.

ఇద్దరూ రాంచందర్ శేటు దగ్గరే అప్పు చేశారు. గాలయ్య కలప కొనడానికి, యోసేపు సున్నం బట్టీ పెట్టడానికి. కలపకు చెదలు పట్టింది. బట్టీ అకాల వానకు తడిసి ముద్దయింది. గాలయ్య పరువుకు ప్రాణం పెట్టే మనిషి. శేటు తన గడప తొక్కకముందే పాడిబర్రెను తూప్రాన్ వారపు అంగడిలో అమ్మేశాడు. అది చాలకపోతే తాతలనాటి రంపాలూ, చిత్రికపట్టే రందాలూ కూడా అమ్మి, అణాపైసలతో సహా కట్టేశాడు. ఆ తర్వాత పనిముట్లు కిరాయికి తెచ్చుకుని పనిచేసే గతి పట్టింది.

యోసేపు తాపీమేస్త్రీ. ఒక్క పైసా కట్టలేదు. "ఉన్ననాడు ఇస్త శేటూ, లేనినాడు నన్ను పిండినా ఏమొస్తది?" అని నవ్వి, చర్చి గోడ మరమ్మతు పనికి పోయేవాడు. పొద్దున లేస్తే వాళ్ళింట్లో సొంత బర్రె పాలతో చిక్కటి చాయ్. ఆ వాసన గోడ దాటి వస్తుంటే, నల్ల చాయ్ తాగే గాలయ్యకు ఒళ్ళు మండేది. తీర్చినవాడికి నీళ్ళూ, ఎగ్గొట్టినవాడికి పాలూనా అని పళ్ళు నూరేవాడు.

"లేనోడు యాడికెళ్ళి తెస్తడు? నీకెందుకు గంత కడుపుమంట?" అనేది భార్య రామమ్మ.

చివరికి శేటు దావా వేశాడు, గెలిచాడు. అరవై మూడు ఎండాకాలంలో కోర్టు అమీను జప్తుకు వచ్చాడు. గాలయ్య చేతిలో పని పడేసి, జాతర చూడబోయినట్టు పోయి ముందు నిలబడ్డాడు. తీరా చూస్తే, శేటు యోసేపు తాపీ మీద చెయ్యి వెయ్యగానే అమీను వెనక్కి పెట్టించాడు.

"పనిముట్లు ముట్టరాదు శేట్. వంటగిన్నెలు, పక్కబట్టలు గూడ. కానూన్ గట్లనే ఉన్నది."

గాలయ్య ముందుకు తోసుకొచ్చాడు. "మరి రంపం గూడ ముట్టరా సాబ్?"

"వడ్లాయన రంపం ఎట్ల ముడతం? చేతులు కట్టేస్తే బాకీ ఎట్ల తీరుస్తడు?"

ఎవరూ అడగకుండానే తన రంపాలు తానే అమ్ముకున్నాడు. యోసేపు తాపీ మాత్రం యోసేపు ఇంట్లోనే ఉంది. గాలయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

జప్తుకు మిగిలింది బర్రె ఒక్కటే. హర్రాజు దాకా దాన్ని నమ్మకమైన మనిషికి సుపుర్దు చెయ్యాలి, అంటే కోర్టు తరఫున అప్పగించాలి. దానికేమైనా అయితే ఆ మనిషిదే పూచీ.

"గాలయ్య లేడా? ఒక్క పైస బాకీ లేని మనిషి," అన్నాడు శేటు.

ఆ మాటకు గాలయ్య ఛాతీ ఉబ్బింది. అమీను చెప్పే షరతులు సగం చెవిన పెట్టి, సగం గాలికొదిలి వేలిముద్ర వేశాడు. బర్రెను తోలుకొచ్చి తన కొట్టంలో కట్టేశాడు. చిక్కటి చాయ్ వాసన రేపటి నుంచి ఎటు నుంచి ఎటు పోతుందో చూద్దామనుకున్నాడు.

దూడ చచ్చిన బర్రె అది. యోసేపు భార్య యేసమ్మ గంగడోలు నిమిరి, సన్నగా ఓ కీర్తన పాడితే తప్ప పాలు చేపేది కాదు. సాయంత్రం కాగానే ఆమె చెంబుతో వచ్చింది.

"అన్నా, జర పిండిచ్చి పోత. పాలు మీరే ఉంచుకోండ్రి. లేకుంటే పొదుగు గడ్డకడ్తది."

ఆ మంచితనమే గాలయ్యకు గిట్టలేదు. "ఇప్పుడిది సర్కారు బర్రె. నీ చెయ్యి తగలొద్దు," అని తడక వేసేశాడు.

మర్నాడూ వచ్చింది, మళ్ళీ అదే జవాబు. రామమ్మ మొత్తుకున్నా వినలేదు. తాను పిండబోతే బర్రె కాలు ఝాడించి పాలు ఎగచేపింది. పొదుగు రాయిలా బిగుసుకుంది, జ్వరం తగిలింది. పశువుల దవాఖాన కంపౌండరు వచ్చేసరికి గడ్డి ముట్టడం మానేసింది. హర్రాజు రాకముందే ప్రాణం విడిచింది. యేసమ్మ వచ్చి దాని మీద పడి ఏడ్చింది గానీ, గాలయ్యను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండుననుకున్నాడు అతను.

చెరపకురా చెడేవు అని ఊరికే అన్నారా! బర్రె ఖరీదు గాలయ్యే కట్టాలంది కోర్టు. ఆ పైసలు శేటుకు పోతాయి, యోసేపు బాకీలో జమవుతాయి. అంటే యోసేపు అప్పు గాలయ్య తీర్చాలి. బజారంతా పడీపడీ నవ్వింది.

ఈమధ్యనే రెక్కలు ముక్కలు చేసుకుని ఓ రంపం, ఓ రందా సొంతంగా కొన్నాడు గాలయ్య. వాటిని గోనెసంచిలో చుట్టి తూప్రాన్ అంగడికి బయల్దేరాడు. కానూన్ సంగతి వినకపోలేదు. అది సిగ్గులేనివాళ్ళ కోసం పెట్టిందని అతని లెక్క.

వాకిట్లోనే యోసేపు ఎదురయ్యాడు. "యాడికి గాలన్నా?"

"అమ్మెటానికి. అమీను నా గడప తొక్కొద్దు."

"తొక్కితే ఏమైతది? నా గడప తొక్కలేదా, ఇల్లు కూలిందా? రంపం అమ్ముకుంటే రేపు ఏం పని జేసి కడ్తవు? కోర్టుల అర్జీ పెడ్తే కిస్తులు ఇస్తరు. నేనొస్త, నడు. నువ్వు కట్టినదంత నా మీద బాకీనే అన్నా. ఉన్ననాడు ఇస్త."

ఆ ఉన్ననాడు ఎప్పుడొస్తుందో గాలయ్యకు తెలుసు. బర్రె పోయింది, ఇంకా సగం అప్పు నెత్తి మీద ఉంది, అయినా ఈ మనిషి ఇంత నిబ్బరంగా ఎలా నిలబడ్డాడు? పాల మీద కూడా గాలయ్యకు అంత కుళ్ళు పుట్టలేదు, ఆ నిబ్బరం మీద పుట్టినంత. తిడదామని నోరు తెరిచినవాడల్లా సంచీ దించి గడప మీద కూలబడ్డాడు.

"అమీను సాబ్ ఏమేం ముట్టడో," అన్నాడు తలెత్తకుండా, "జర మల్లొక్కసారి చెప్పు యోసేపూ."