వెలగని నాలుగో కొవ్వొత్తి

పండగపూట, నిండు సభలో, బస్తీ బస్తీ అంతా చూస్తుండగా కన్నతండ్రిని మూగవాణ్ణి చేసిన కూతుర్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. ఆ పుణ్యం కట్టుకున్నది నేనే. పైగా దానికోసం నిద్ర మానుకుని మరీ కష్టపడ్డాను. ఊరికే అయ్యే పనా అది?

అప్పట్లో ఖమ్మంలో ఎం.సి.ఏ. చదువుతున్నాను. ఇంట్లో కంప్యూటర్ ఉంటే దానికి దుప్పటి కప్పి ఉంచి, చుట్టాలొచ్చినప్పుడు మాత్రం తీసి చూపించే రోజులవి. పాటకు తగ్గట్టు తెరమీద బొమ్మలు ఆడించే పిచ్చి నాకు కాలేజీలో పట్టుకుంది. మైకులోంచి వచ్చే చప్పుడును కంప్యూటర్ కొలుస్తుంది. చప్పుడు పెరిగితే బొమ్మ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కిటుకు ఇంతే. ఇంత తెలియగానే నాకు సృష్టి రహస్యం సగం తెలిసిపోయిందనిపించింది. మిగతా సగం సెలవుల్లో చూసుకుందామని క్రిస్మస్‌కు ఇల్లందు వచ్చాను.

వచ్చేసరికి ఇంట్లో నాన్న మొహం మాడిపోయి ఉంది.

నాన్న ఇమ్మానుయేలు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా చర్చి పాటల బృందంలో అందరికంటే కింది గొంతు ఆయన ఒక్కడిదే. పాటకు పునాదిలాంటి గొంతు. పునాది ఎవరికి కనిపిస్తుంది చెప్పండి? మా చర్చి గొట్టం మైకుల్లో సన్న గొంతులే గణగణ మోగేవి. నాన్న గొంతు ఆ గొట్టం దాకా వెళ్లి అక్కడే ఆగిపోయేది. దాంతో ఆ యేడు ఒక పుకారు లేచింది: "ఇమ్మానుయేలుకు బాయి దుమ్ముకు గొంతు పోయింది, ఉత్తగ పెదవులు ఆడిస్తుండు." లేపినవాడు ఆయన పక్కనే నిలబడి పాడే శాంసన్ మామ. శాంసన్ మామది సన్న గొంతు, అంతకంటే సన్నని బుద్ధి.

బృందాన్ని నడిపే రూతమ్మ టీచర్ చివరికి తేల్చి చెప్పేసింది.

"అన్నా, ఈసారి ఆఖరి చరణం నీకొక్కనికే ఇస్తున్న. అందరికీ తెల్వాలె నువ్వు పాడుతున్నవని. లేకపోతే వచ్చే యేడు సంది కుర్చీలు ఏసే పని చూస్కో. ఏమనుకోకు."

ఆ మాట నాకు చెప్తూ నాన్న అన్నం పళ్లెం పక్కకు జరిపాడు. "బాయిల దిగి పనిచేస్తా, ఆదివారం పాడతా. నాకున్నయి గీ రెండే బిడ్డా. పాటగూడ పోతే ఇగ బాయే మిగిలేది" అన్నాడు. అప్పుడే నాలోని మేధావి లేచి కూర్చుంది. ఆమె లేచినప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒకటి పగులుతుంది.

"నాన్నా, వాళ్లు చెవులతోటి వినకపోతే కండ్లతోటి చూపిస్త" అన్నాను.

పథకం ఏమిటంటే, బృందంలో నాలుగు రకాల గొంతులకు నాలుగు మైకులు. తెరమీద నాలుగు కొవ్వొత్తులు. ఏ మైకులో పాట పలికితే ఆ కొవ్వొత్తి వెలుగుతుంది. గొంతు పెంచితే మంట లేస్తుంది, ఆపితే ఆరిపోతుంది. నాలుగోది నాన్నది. ఇక శాంసన్ మామ ఏం మాట్లాడతాడో చూద్దాం అనుకున్నాను.

పండగనాడు కంప్యూటర్‌ను ఆటోలో ఒళ్లో పెట్టుకుని చర్చికి తెచ్చాను. కాలేజీవాళ్లను బతిమాలి ప్రొజెక్టర్ తెచ్చాను. అమ్మ దాచుకున్న తెల్ల దుప్పట్లు రెండు కుట్టి తెర కట్టాను. మధ్యాహ్నం అంతా సరిచూద్దామని కూర్చోగానే కరెంటు పోయింది. పండగకు అందరికంటే ముందొచ్చే చుట్టం కరెంటు కోతే కదా. టెంటుహౌస్ అబ్బాయి కిటికీ పక్కన జనరేటర్ వేశాడు. వేయగానే, ఎవరూ నోరు తెరవకముందే, నాలుగు కొవ్వొత్తులూ భగ్గున వెలిగాయి!

జనరేటర్ గుర్రుమనే మోత తీగల్లోంచి దూరి కంప్యూటర్‌కు పాటలా వినిపిస్తోంది. నేను తక్కువ తిన్నానా? మోత లావుగా, కిందిస్థాయిలో ఉంది కాబట్టి ప్రోగ్రామ్‌లో ఒక జల్లెడ పెట్టాను. కింది చప్పుళ్లన్నీ అక్కడే ఆగిపోతాయి, సన్నవి మాత్రం లోపలికి వస్తాయి. రూతమ్మ టీచర్ పాడి చూపింది, కొవ్వొత్తి వెలిగింది. శాంసన్ మామ పాడాడు, వెలిగింది. ఆపితే ఆరింది. ఎంత ముచ్చటగా ఉందో! నాన్న మొదటి షిఫ్టు దిగి ఇంకా రాలేదు. ఆయన ఉంటే ఎంత, లేకుంటే ఎంత, అన్ని మైకులూ ఒకటే కదా అనుకున్నాను. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాడు కూడా ముందు ఇంట్లో ఎవరున్నారో చూసుకుని ఉంటాడు. నేను అదీ చూసుకోలేదు.

సాయంత్రం చీకటి పడింది. చర్చి కిటకిటలాడుతోంది. బృందం తెరకు వీపు పెట్టి, జనానికి మొహం పెట్టి నిలబడింది. మొదటి చరణంలో మొదటి కొవ్వొత్తి వెలిగితే పిల్లలు "ఓ" అన్నారు. రెండోది వెలిగింది, మూడోది వెలిగింది. శాంసన్ మామ మంట చూసి ఆయన భార్య కొంగుతో కళ్లొత్తుకుంది. అయ్యగారు, అంటే మా పాస్టర్‌గారు, నావైపు చూసి తలూపారు. నాలో మేధావి కాలుమీద కాలేసుకుంది.

అందరూ ఆగారు. నాన్న ఒక్కడే ముందుకొచ్చి ఆఖరి చరణం ఎత్తుకున్నాడు.

నాలుగో కొవ్వొత్తి వెలగలేదు.

మైకు తీగ కదిపాను. వెలగలేదు. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. ఊహూఁ. గొట్టం మైకులేమో ఎప్పటిలాగే ఆయన గొంతును మింగి కూర్చున్నాయి. బయట జనరేటర్ గుర్రుమంటోంది. నల్లటి ఒత్తితో ఆ కొవ్వొత్తి తెరమీద నిటారుగా, అందరికీ కనిపించేట్టు నిలబడి ఉంది. నూనె లేక దివిటీలు ఆరిపోయి పెళ్లింటి బయటే మిగిలిపోయిన కన్యల కథ మా సండే స్కూలు పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ముందు వరసలో గుసగుస మొదలైంది.

"అగో, ఇమ్మానుయేలుది ఎలుగుతలేదు."

"నిజంగనే పాడుతలేడా ఏంది?"

"మనుషులు అబద్ధం చెప్తరు గని, కంప్యూటర్ ఎందుకు చెప్తది!"

అమ్మ వెనక్కి తిరిగి నావైపు చూసింది. ఆ చూపును ఇప్పటికీ తలుచుకోను. నాన్నకేమో వెనక తెర కనిపించదు. జనం తలలు అడ్డంగా ఊగడం మాత్రం కనిపిస్తోంది. ఇంకా గట్టిగా పాడాడు, మెడ నరాలు తేలాయి. జనం తన నెత్తిమీదికి ఎందుకు చూస్తున్నారో అర్థంకాక, పాడుతూనే మెల్లగా తిరిగి చూశాడు. తన కొవ్వొత్తిని చూశాడు. ఆయన పాట అక్కడే ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడు వెలిగింది, కొవ్వొత్తి కాదు, నా బుర్ర. జల్లెడ! కింది చప్పుళ్లన్నీ ఆపెయ్యమన్నాను. మా ఇంట్లో అన్నిటికంటే కింది చప్పుడు ఎవరిది? జనరేటర్ గొంతు కోయబోయి నాన్న గొంతు కోశాను. మరి ఆలోచించలేదు, గబుక్కున జల్లెడ తీసేశాను.

నాలుగు కొవ్వొత్తులూ భగ్గుమన్నాయి. నాన్నది అన్నిటికంటే పైకి, దుప్పటి అంచు దాకా లేచింది. చర్చంతా చప్పట్లు. చిక్కేమిటంటే, నాన్న నోరు మూసుకుని ఉన్నాడు. అందరూ నోరు మూసుకునే ఉన్నారు. పాడినంతసేపూ వెలగనిది, మానెయ్యగానే మండుతోంది.

ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి, "హల్లెలూయా! నోరు తెరవకుంటనే పాడుతుండు!" అని కేక పెట్టింది. అయ్యగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు పైకెత్తి, "బిడ్డలారా, కండ్లార చూడుండ్రి. మనుషులు ముట్టించిన దీపాలు ఆర్తయి. గీ దీపాలు ఎన్నటికీ..." అన్నారు.

కరెంటొచ్చింది. టెంటుహౌస్ అబ్బాయి లైను మార్చి జనరేటర్ ఆపేశాడు. తెర అలాగే ఉంది గానీ, మోత ఆగడంతో నాలుగు దీపాలూ ఠక్కున ఆరిపోయాయి.

చర్చిలో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. అయ్యగారు ఎత్తిన చేతులు దించాలో వద్దో తెలియక అట్లాగే ఉన్నారు. శాంసన్ మామ నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకం వెనక దాక్కున్నాడు. నాకు బల్లకిందికి దూరాలనిపించింది. పరువంతా పోయింది, నాన్న పాట కూడా పోయింది అనుకున్నాను.

ఆ నిశ్శబ్దంలో నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఊఁ."

నాలుగో కొవ్వొత్తి చిన్నగా వెలిగి ఆరింది.

"నాన్నా, పాడు! జల్దీ పాడు!" అని అరిచాను. చర్చిలో ఎవరూ అట్లా అరవకూడదు. అరిచాను.

నాన్న కళ్లు మూసుకుని చరణం మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. జనరేటర్ మోత లేని ఆ చర్చిలో ఆయన గొంతు మైకుల అవసరం లేకుండానే నేలమీదుగా వచ్చి మా పాదాలకు తగిలింది. తెరమీద మిగతా మూడూ చీకటిగా ఉన్నాయి. నాలుగోది ఒక్కటే నిలకడగా, పాట అయ్యేదాకా వెలిగింది. రూతమ్మ టీచర్ శాంసన్ మామ వైపు ఒక్కసారి చూసింది. ఆయన పుస్తకంలో పేజీలు తిప్పుకున్నాడు. కుర్చీల సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం ముక్కు చీదుకుంటూ మౌస్ పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక నాన్న మంచం మీద కూర్చుని అడిగాడు. "అంతా మంచిగనే అయింది గని బిడ్డా, ముందుగాల నాది ఎందుకు ఎలగలే?"

తప్పదు కనుక చెప్పాను. "జనరేటర్ మోత రావద్దని ఆపిన నాన్నా. కంప్యూటర్‌కు నీ గొంతుకు, జనరేటర్‌కు తేడా తెల్వలే."

"నా గొంతు, జనరేటర్ ఒక్కటేనా?" అన్నాడు నాన్న, చిన్నపిల్లవాడిలా.

దుప్పట్ల కుట్లు విప్పుతున్న అమ్మ తలెత్తకుండానే అంది: "పెండ్లయిన కాన్నుంచి నేను గదే చెప్తున్న. కంప్యూటర్ చెప్తెగాని నమ్మవైతివి."

ఇప్పుడు నేను హైదరాబాదులో పాటకచేరీలకు తెరలు నడిపి బతుకుతున్నాను. ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయునది ఏమనగా, నా కంఠంలో ప్రాణం ఉండగా మరే చప్పుడునూ జల్లెడ పట్టి పారెయ్యను. నా కింద పనిచేసే పిల్లలు అప్పుడప్పుడూ పరుగెత్తుకొచ్చి, "మేడమ్, కిందిస్థాయిలో ఏదో మోత వస్తోంది, తీసెయ్యమంటారా?" అని అడుగుతారు.

"ఆగండి. ముందు అది ఎవరి నాన్నో కనుక్కోండి" అంటాను.