మా అవ్వ షుగరు ప్రత్యక్ష ప్రసారం

ఇదొక మహా విపత్తు కథ. ఇందులో అంబులెన్సు ఉంది, రక్తం ఉంది, నిండు సభలో ఒక యువకుడి పతనం ఉంది. గుండె చిక్కబట్టుకుని చదవండి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ నిజం చెప్పాలి కదా. అంబులెన్సు వచ్చినంత నిదానంగానే వెళ్ళిపోయింది. రక్తం ఆవగింజంత, అది కూడా వేలి కొసన. పతనమైన యువకుణ్ణి నేనే. పెద్ద ఎత్తు నుంచేమీ పడలేదు, మా కాలేజీ సెమినార్ హాల్లో వేదిక జానెడు ఉంటుంది.

అప్పుడు నేను నర్సింగు చదువుతున్నాను. డిజిటల్ వైద్యం మీద నాకున్న భక్తి చూస్తే ఏ దేవుడైనా అసూయ పడేవాడు. ఎవరైనా తుమ్మితే చాలు, "దానికొక యాప్ ఉంది" అనేవాణ్ణి.

"నీ నోరు బంద్ చేసేటందుకు ఏమన్న యాప్ ఉన్నదా?" అని నా క్లాస్‌మేట్ స్రవంతి అడిగేది. ఉంటే ఆమే మొదట కొనేది.

మాకు పాఠం చెప్పే సుహాసిని మేడం డాక్టరు. ఆవిడకు కంప్యూటర్ల మీద పగ లేదు. రోగి ముఖం చూడాల్సిన సమయమంతా కీబోర్డు మీద అక్షరాలు వెతకడానికే సరిపోతోందని బాధ మాత్రం ఉంది. "నంబర్లు నాకూ ఇష్టమే, శ్రీకాంత్. కానీ అవి ఎవరి నంబర్లో ముందు తెలుసుకో" అనేవారు. పాతకాలం మనిషి అనుకునేవాణ్ణి. ఈ వాక్యాన్ని ఇక్కడే వదిలేద్దాం, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇక మా అవ్వ నర్సవ్వ. బాన్సువాడలో మా గల్లీ మొత్తానికి ఆమే పెద్ద దిక్కు. ఆమెకు షుగరుంది, రెండు కళ్ళకూ పొర వచ్చింది. తువ్వాల కప్పిన గ్యాస్ సిలిండరును "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా, కూసో" అని పలకరించే స్థాయికి వచ్చింది. సిలిండరు మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు. మా కాలేజీ ఆస్పత్రిలో గురువారం ఆపరేషన్ చేస్తామన్నారు గాని, షుగరు అదుపులో ఉందని సుహాసిని మేడం సంతకం పెట్టాలి. ఆ గురువారం తప్పితే మళ్ళీ వరికోతలు అయ్యాకే. అప్పటిదాకా ఇంకెన్ని సిలిండర్లకు చాయ్ పోస్తుందో అని మా భయం.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. షుగరు చూసే కొత్త మిషను ఒకటి తెచ్చాను. ఇంట్లో అవ్వ వేలు పొడుచుకుంటే, పక్కనున్న నా పాత ఫోను ద్వారా ఆ నంబరు ఎక్కడున్నా నాకు కనిపిస్తుంది. అవ్వకు అంతా నేర్పాను. సూది ఎట్లా పెట్టాలి, వాడిన సూది ఎందులో వేయాలి, రక్తం అంటించే స్ట్రిప్పు మిషన్లో ఎటువైపు దూర్చాలి. చూపు లేకపోయినా చేతులతో తడుముకుని రెండు రోజుల్లో నేర్చేసుకుంది. నేను కాలేజీలో నేర్చుకోవడానికి ఒక సెమిస్టరు పట్టింది.

పది రోజుల నంబర్లు చక్కగా వచ్చాయి. అక్కడితో ఊరుకుంటే మనిషినయ్యేవాణ్ణి. "ఇంటి నుంచే వైద్యం" అని సెమినార్ పెట్టి, అవ్వ షుగరును తెర మీద అప్పటికప్పుడు చూపిస్తానని మేడంకు మాటిచ్చాను. అది చూసే సంతకం పెడతానన్నారు మేడం.

సెమినార్ రోజు పొద్దున అవ్వకు చెప్పాను: "అవ్వా, తొమ్మిదింటికి నేను ఫోన్ చేస్త. అప్పుడు పొడుచుకో. మిషన్ ఎంత మంచిగ పనిజేస్తదో కాలేజ్ మొత్తానికి చూపియ్యాలె."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. మస్తు చూపిస్త" అంది అవ్వ.

ఆ "మస్తు" దగ్గర నేను ఆగి ఆలోచించాల్సింది.

హాలు నిండింది. ఫోన్ చేశాను. తెర మీద గీత కదిలింది. నూట ఇరవై ఎనిమిది. చప్పట్లు. వంగి నమస్కారం చేశాను. లేచేసరికి గీత కొబ్బరిచెట్టు ఎక్కుతోంది. మూడు వందల రెండు.

"ఏం తిన్నారు ఆవిడ?" అన్నారు మేడం.

"ఏమీ తినలేదు మేడం. పరగడుపే."

"రెండు నిమిషాల్లో ఇంత పెరగడమేంటి?"

"బహుశా స్టేజ్ భయం మేడం. అందరూ చూస్తున్నారని తెలుసు కదా."

ఇంతలో తొంభై ఆరు.

"చూశారా మేడం, ధైర్యం తెచ్చుకుంది!" అన్నాను. ఆ క్షణంలో నా ముఖం వెలుగుకు ప్రొజెక్టరు కూడా అక్కర్లేదు. మరుక్షణం గీత తెర పైఅంచును గుద్దుకుంది. నాలుగు వందల అరవై ఒకటి.

"మల్ల భయపడ్డదా ఏంది?" అంది స్రవంతి వెనక బెంచీ నుంచి.

మేడం నవ్వలేదు. "ఇది నిజమైతే గురువారం ఆపరేషన్ సంగతి మర్చిపో. ముందు ఆవిడ స్పృహలో ఉన్నారో లేదో కనుక్కో."

ఫోన్ చేశాను. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అమ్మానాన్నా పొలం పనికి పోయారు. నా భక్తి, నా స్లైడులు, నా నాలుక అన్నీ ఒకేసారి ఎండిపోయాయి. అంబులెన్సుకు ఫోన్ చేశాను. గల్లీ పేరు చెప్పబోయి కాలేజీ పేరు చెప్పాను, స్రవంతి ఫోన్ లాక్కుని సరిచేసింది.

అందరం తెరనే చూస్తూ కూర్చున్నాం. తర్వాత తెర మీద కొత్త నంబరు వచ్చింది. నూట పది.

"ట్రీట్‌మెంట్ మొదలైంది!" అని ఎవరో అరిచారు. మళ్ళీ చప్పట్లు. అంబులెన్సులో ఏం మందిచ్చి ఉంటారో తెలుసుకోవాలని మేడం కూడా ముందుకు వంగారు.

నా ఫోన్ మోగింది. అవ్వ. స్పీకర్లో పెట్టమన్నారు మేడం.

"ఏందిరా శ్రీకాంతూ, అంబులెన్సాయన వచ్చి నీ పేరు చెప్తుండు. మంచి పిల్లగాడు. పొద్దుగాల్నుంచి ఏం తినలేదంటే గాయనకు గూడ చూసిన. ఎంతొచ్చింది?"

హాల్లో చప్పట్లు కొట్టిన చేతులన్నీ కిందికి దిగాయి.

"అవ్వా... గాయనకు గూడ అంటే? ఇంకెవ్వలెవ్వలకు చూసినవ్?"

"మొదలు నాకే చూసుకున్న. ఇగ నీలవ్వకు, గామె కోడలికి. తర్వాత మన వెంకట్రావు గారికి. కొత్త స్ట్రిప్పుల డబ్బా తడిమి తీసేసరికి అంబులెన్సాయన వచ్చిండు. ఇంక లైన్ల మస్తు మంది ఉన్నరు. ఒక్కొక్కళ్ళకు కొత్త సూది, నువ్వు చెప్పినట్టే."

"ఎందుకు చూసినవ్ అవ్వా?"

"నువ్వే గదరా చూపియ్యమన్నవ్! ఒక్క నా వేలుతోని ఏం తెలుస్తది గంత పెద్ద కాలేజ్‌కు? పిల్లగాని ఇజ్జత్ సవాల్ అని గల్లీల చెప్పిన. తినకుంట వచ్చిన్రు పాపం. నీలవ్వ అయితే చాయ్ గూడ తాగలే, నీ కోసం."

"ఫోన్ ఎందుకు ఎత్తలే మరి?"

"చెయ్యి ఖాళీ ఉంటెనా?"

హాలు నవ్వులతో దద్దరిల్లింది. వెనక బెంచీలు బల్లల మీద తలలు వాల్చి నవ్వుతున్నాయి. నేను వేదిక దిగబోయి, జానెడు ఎత్తును అంచనా వేయలేక పడ్డాను. ముందు చెప్పిన పతనం ఇదే.

మేడం నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. "అమ్మా, నేను డాక్టర్ని. ఆ మిషను మీ ఒక్కరికే. పక్కవాళ్ళవన్నీ మీ లెక్కలోకి వస్తున్నాయి."

"గట్లెట్ల మేడం? ఇంటికొచ్చినోళ్ళకు చాయ్ పోస్తం. మిషన్ ఉంచుకొని, మీరు దూరం కూసోండి అంటమా? దవాఖానకు పోవాల్నంటె ఒక పొద్దంతా పోతది వాళ్ళకు. గీడ గడియల అయిపోతున్నది."

మేడం తెర మీది నంబర్లన్నీ మొదటి నుంచి చూశారు. తర్వాత, "నూట ఇరవై ఎనిమిది మీదేనా?" అని అడిగారు.

"నాదే. మొదలు నాది కాకుంటె జనం నమ్ముతరా?"

"అయితే మీరు మధ్యాహ్నం రండి. నీలవ్వను, వెంకట్రావు గారిని కూడా తీసుకురండి."

ల్యాబులో మళ్ళీ పరీక్షించారు. అవ్వది అదుపులోనే ఉంది. మేడం సంతకం పెట్టారు. గురువారం ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక అవ్వ నన్ను చాలాసేపు చూసి, "నేను అనుకున్నంత అందంగ లేవురా" అంది. ఆపరేషన్ విజయవంతమైందని అట్లా నిర్ధారణ అయింది.

నీలవ్వకు నిజంగానే షుగరుంది. తనకున్నట్టు ఆమెకే తెలియదు. ఇప్పుడు గోలీలు వేసుకుంటోంది, చాయ్‌లో చక్కెర మానేసి నన్ను తిట్టుకుంటోంది. మేడం ఇప్పుడు ఆదివారాలు మా గల్లీకి నర్సింగు పిల్లల్ని పంపుతున్నారు. ఎవరి పేరు మీద వారి నంబరు. వరసలో నిలబెట్టే బాధ్యత అవ్వది, ఆమెకు ఇప్పుడు చివరి మనిషి దాకా కనిపిస్తుంది.

నా సంగతంటారా? తెర మీద వంకర గీత, వేదిక కింద వంకర కాలు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్ళీ మా అవ్వకు "అందరికీ చూపించు" అని చెప్పను.

ఆ నాలుగు వందల అరవై ఒకటి ఏమైందంటారేమో. వెంకట్రావు గారు కాలువ కింద వరి పండించే మనిషి, వాళ్ళ నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆ నంబరు తనదని తెలిసి, ఆస్పత్రికి పోతూ ఆటోలోనే కొడుకుతో, "బాబూ, మోటారు స్విచ్ తడి చేత్తో ముట్టుకోకు. అమ్మను బాగా చూసుకో" అని అప్పగింతలు పెట్టారు. ల్యాబులో ఆయన షుగరు మామూలుగా ఉంది. పొద్దున ఇంట్లో బెల్లం గడ్డ పగలగొట్టి, చెయ్యి పంచెకు తుడుచుకుని నేరుగా మా ఇంటికి వచ్చారట. వేలికి తీపి అంటుకుని ఉంటే మిషను దాన్ని కూడా కొలుస్తుంది. పొడుచుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకోవాలి.