కొస నా చేతిలోనే ఉంది

ఇది నిజంగా జరిగింది. వైర్లు కోసి క్లిప్పులు కొట్టే నా క్రింపింగ్ కటర్ మీద ఒట్టు. అమ్మ మీద, దేవుడి మీద ఒట్లు వేసేవాళ్లని నేను నమ్మను. వాళ్లు వచ్చి నిలదీయరని వీళ్లకి ధైర్యం. కటర్ రోజూ నా చేతిలో ఉంటుంది, నాకు అన్నం పెడుతుంది. దాని మీద అబద్ధపు ఒట్టు వేయను.

ఇంకో మాట. దయ్యాల కథలంటే నాకు అసహ్యం. చెప్పేవాళ్లంటే మరీ అసహ్యం. అబిడ్స్‌లో మా రిపేరు షాపున్న కాంప్లెక్సులో ఇలాంటి వాళ్లు అంతస్తుకి ఒకడున్నాడు. శ్మశానం పక్కకి రాగానే బండి ఆగిపోయింది అంటాడు ఒకడు. పెట్రోలు చూసుకున్నావా నాయనా అంటే మొహం అటు తిప్పుకుంటాడు. నా పని లాప్‌టాప్‌లు, నెట్‌వర్కులు బాగుచేయడం. ఇన్నేళ్లలో నాకు అందులో దయ్యం తగల్లేదు. వదులు ప్లగ్గులు తగిలాయి, నాసిరకం సరుకు తగిలింది, బుర్రలేని మనుషులు లెక్కలేనంతమంది తగిలారు.

ఆ రాత్రి దాకా ఇదే నా వేదాంతం. ఇక నవ్వుకోండి... చెప్తాను.

మా ఆవిడ చెల్లెలు అనురాధ. వాళ్లమ్మతో కలిసి నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఒక పాత బిల్డింగులో పై అంతస్తులో కిరాయికి ఉంటుంది. కింద ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక మూతపడింది. షట్టరు దించి ఏళ్లయింది. తాళం తుప్పు పట్టి షట్టరుతో ఏకమైపోయింది. మీటరు కూడా ఎప్పుడో పీక్కుపోయారు. అంటే లోపల కరెంటు లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అనురాధ మెడికల్ కోడింగ్ చేస్తుంది. రోగుల రిపోర్టులు చదివి జబ్బులకి కోడ్ నంబర్లు వేసే పని. టెంపరరీ. ఒక సర్టిఫికెట్ పరీక్ష పాసైతే పర్మనెంటు చేస్తామన్నారు, లేకపోతే ఇంటికే. భర్త పోయాక ఆ ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది. పరీక్ష తెల్లారితే ఉంది, ఇంట్లోనే కూర్చుని రాయాలి. వాళ్ల రూళ్లు చూస్తే నాకు ఒళ్లు మండింది. వైఫై పనికిరాదట, వైరే ఉండాలట. ముందే వీడియోలో చూపించిన గదిలోనే కూర్చోవాలట. మధ్యలో నెట్ తెగితే పరీక్ష రద్దట. రూళ్లు రాసినవాడు హైదరాబాదులో ఎప్పుడూ నెట్ వాడి ఉండడు.

షాపు కట్టేస్తుంటే ఫోను చేసింది. ఏడుపు గొంతు.

"బావా, నెట్ వస్తుంది, పోతుంది. రేపు పరీక్షల గిట్లనే పోతే నా బతుకు ఏం గావాలె? జర రా బావా."

"అడాప్టర్ ఏడ కొన్నవ్?"

"కోఠిల. ఫుట్‌పాత్ మీద."

నాకు నవ్వొచ్చింది. ఇప్పటి లాప్‌టాప్‌లని సోకు కోసం సన్నగా చేసి, ల్యాన్ వైరు దూర్చే కన్నమే తీసేశారు. అందుకని యూఎస్‌బీకి ఒక తోక తగిలించాలి. ఆ తోకే అడాప్టర్. జీవితం మొత్తం ఆధారపడిన తోకని మా మరదలు పిన్నీసులు, దువ్వెనల పక్కన కొన్నది!

వెళ్లాను. అత్తమ్మ చాయ్ ఇచ్చింది. చాయ్‌తోపాటు ఒక కథ కూడా.

"అల్లుడా, గా గోడల ఎవరో ఉన్నరు. రాత్రిపూట టిక్ మంటది. ఎవరో చిటికె ఏసినట్టు."

"బల్లి ఉంటది అత్తమ్మా."

"బల్లి సప్పుడు నాకు తెల్వదా?"

ఆవిడ మిక్సీలోనూ ఎవరో ఉన్నారంటుంది.

పని మొదలుపెట్టాను. ఆ కోఠి తోక పీకి అవతల పారేశాను. నా సంచిలోంచి మంచి అడాప్టర్ తీసి పెట్టాను. ఆకుపచ్చ లైటు వచ్చింది. "చూసినవా?" అన్నాను గొప్పగా. అనురాధ చేతులు జోడించేలోపు... పోయింది. సరే, కరెంటు పొదుపు కోసం విండోస్ తనంతట తానే అడాప్టర్‌ని నిద్రపుచ్చుతుంది. అదో దిక్కుమాలిన తెలివి. సెట్టింగుల్లో దాన్ని ఆపేశాను. పోయింది. అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటారు, తీసి మళ్లీ వేశాను. పోయింది. కన్నం మార్చాను, వేగం తగ్గించాను, ఇంకో కంపెనీ అడాప్టర్ పెట్టాను. కాసేపు ఉంటుంది... పోతుంది. ఒక్కోదాన్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా పని, కానీ అప్పటికి ఆ సామెత గుర్తు రాలేదు.

ఇక మిగిలింది వైరు. రౌటర్ కింద మెట్ల దగ్గర ఉంది. నెట్ కంపెనీవాడు పైదాకా రాలేదు. మెట్లెక్కితే వాడి కాళ్లు అరిగిపోతాయి కదా! అక్కణ్నుంచి పైకి గోడలో ఒక పైపు, దాని నిండా ఇంటర్నెట్ సెంటర్ కాలం నాటి వైర్లు. మా లైన్లో పాత వైరుని ఎవడూ బయటికి లాగడు. కోసేసి అక్కడే వదిలేస్తాడు. పక్కనుంచి కొత్తది తోస్తాడు. అబిడ్స్, నాంపల్లి గోడలన్నీ ఇలా చచ్చిన వైర్లతోనే నిలబడ్డాయి. ఈ మహానుభావుడు కొత్తది కూడా తొయ్యలేదు. ఆ పాతవాటిలోనే ఒకదానికి రెండు కొసలా క్లిప్పులు, అంటే ప్లగ్గులు, కొట్టి, సలాం చెప్పి పోయాడు.

కొత్త వైరు లాగుదామంటే కట్ట షాపులో ఉంది. రాత్రి కాంప్లెక్సు గేటుకి తాళం వేస్తారు. వాచ్‌మన్ ఫోన్ ఎత్తితే సూర్యుడు పడమట ఉదయించినట్టే.

సరే, ఉన్న వైరునే పరీక్షిద్దామని టెస్టర్ తీశాను. రెండు చిన్న డబ్బాలు. వైరుకి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి పెడితే లైట్లు వరసగా వెలుగుతాయి. వరస తప్పితే వైరు పాడైనట్టు. కిందికి వెళ్లి రౌటర్లోంచి కొస పీకి ఒక డబ్బా తగిలించాను. పైన ఇంకోటి. లైట్లు ఒకదాని వెనక ఒకటి చక్కగా వెలిగాయి. వైరు బాగుంది. పైనున్న కొస, కిందున్న కొస ఒకే వైరువి. ఇందులో పొరపాటు లేదు. కళ్లారా చూశాను.

కింది డబ్బా తీసుకుందామని మళ్లీ దిగాను. మెట్ల లైటు పోయి ఉంది. అది వెలిగిన రోజు నేను చూడలేదు లెండి. ఫోను వెలుతురులో డబ్బా ఊడదీశాను. వైరు కొస నా కుడిచేతిలో ఉంది. అవతల స్టేషన్లో ఏదో బండి లేటని చెప్తున్నారు. అది ఆగింది. సందులో కుక్క కూడా ఊరుకుంది.

అప్పుడు... షట్టరు వెనకనుంచి...

టిక్.

ఆ చప్పుడు మీకు తెలియదు. నాకు తెలుసు. ల్యాన్ ప్లగ్గు కన్నంలోకి పూర్తిగా దిగినప్పుడు దాని ప్లాస్టిక్ నాలుక చేసే చప్పుడు అది. రోజంతా వినే చప్పుడు. బల్లి చేయదు. ఎలుక చేయదు. వేళ్లున్నది చేయాలి.

పైనుంచి అనురాధ కేక.

"బావా! ఆకుపచ్చ లైటు వచ్చింది! నెట్ వచ్చింది!"

నేను కిందికి దిగగానే ఆ పిల్ల అడక్కుండానే పై డబ్బా ఊడదీసి వైరు మళ్లీ లాప్‌టాప్‌కి పెట్టేసిందట. అది సరే... కొస నా చేతిలోనే ఉంది కదా. గాలిలో. రౌటర్ అక్కడ... కొస ఇక్కడ.

"వైఫై బంద్ చెయ్!" అని అరిచాను.

"నువ్వే బంద్ చేసినవ్ గదా బావా!"

కొసని అక్కడే గాల్లో వదిలేసి పైకి పరిగెత్తాను. లైటు మెరుస్తోంది. పేజీలు గబగబా తెరుచుకుంటున్నాయి. వైఫై నిజంగానే ఆపి ఉంది. నెట్‌లోకి వచ్చిన లాప్‌టాప్‌కి అవతలివైపు నుంచి ఒక నంబరు ఇస్తారు. చూశాను. ఇచ్చారు. మా రౌటర్ ఇచ్చే వరస కాదు అది. మరి ఎవరిచ్చారు?

మళ్లీ కిందికి పోయి కొసని రౌటర్లో పెట్టాను. కాసేపటికి పైన పోయింది, అనురాధ కేకేసి చెప్పింది. పీకేశాను. షట్టరు వెనక టిక్... పైన వచ్చింది. మళ్లీ పెట్టాను, పోయింది. పీకాను, టిక్, వచ్చింది. ఫోను వెలుతురు షట్టరు కింది సందులోంచి లోపలికి కొట్టాను. దుమ్ము కనిపించింది. దుమ్ము వెనక ఏముందో చూడటానికి వంగాలి. నేను వంగలేదు. భయపడ్డాను. బాగా భయపడ్డాను. ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఎవరో గోడలో ఎక్కడో వైర్లు కలిపారని అనుకున్నాను. ఎలుక కొరికి రెండు వైర్లు ముట్టుకుంటున్నాయని అనుకున్నాను. నా టెస్టర్ అబద్ధం చెప్పిందని కూడా అనుకున్నాను. ఏదీ ఆ చప్పుడుకి సరిపోలేదు.

పైన అనురాధ మొహం చూశాను. "ఇప్పుడు పోతలేదు బావా" అని నవ్వుతోంది. ఎన్ని రోజులైందో ఆ పిల్ల అలా నవ్వి. నాకు రెండే దారులు. రౌటర్లో పెడితే నెట్ పోతుంది, పరీక్ష పోతుంది, ఉద్యోగం పోతుంది. గాలిలో వదిలేస్తే... నిలుస్తుంది. ఏం చేస్తారు మీరైతే? ఏ బాబానో పిలుస్తారు. నాకు తెలుసు మీ సంగతి.

"గట్లనే ఉండనీ. వైరు ముట్టకు" అన్నాను.

"ఏం చేసినవ్ బావా?"

"డ్రైవర్ సెట్ చేసిన."

తెల్లారింది. పరీక్ష మొదలైంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు కాబట్టి అత్తమ్మ వంటింట్లో మూలకి చేరింది. నేను మెట్ల మీద కూర్చున్నాను, కొసని పిడికిట్లో పట్టుకుని. పాలవాడో, నీళ్లవాడో వచ్చి, పాపం ఊడిందే అని రౌటర్లో పెట్టేస్తే? ఈ ఊళ్లో ఉపకారులకి కొదవలేదు. షట్టరు వైపు వీపు పెట్టడానికి మనసొప్పలేదు. ఎదురుగా కూర్చుంటే దాన్ని చూడాలి. పక్కకి తిరిగి కూర్చున్నాను. ఒకసారి పాలవాడు నన్ను చూసి ఆగాడు.

"ఏందన్నా, వైరు పట్టుకొని కూసున్నవ్?"

"నీకెందుకు, పో."

వాడు పోయాడు. పైన కీబోర్డు చప్పుడు. అది ఆగినప్పుడల్లా నెట్ పోయిందేమోనని తల ఎత్తేవాణ్ని. మళ్లీ మొదలయ్యేది. లోపలినుంచి ఒక్క చప్పుడు లేదు. కానీ... ఎవరో నాలాగే కూర్చున్నారనిపించింది. గోడకి అటువైపు, అవతలి కొస పట్టుకుని, నాలాగే చెమటలు కక్కుతూ. ఈ ఆలోచన నాకెలా వచ్చిందో నాకు తెలియదు. నాలాంటివాడికి రావలసింది కాదు.

చివరికి పైనుంచి కేక వినిపించింది. "అయిపోయింది బావా! మొత్తం రాసిన! ఒక్కసారి గూడ పోలే!"

వెంటనే, షట్టరు వెనక, మెల్లగా...

టిక్.

ఈసారిది ప్లగ్గు ఊడదీసే చప్పుడు. కొంచెం పలచగా ఉంటుంది. పైకి వెళ్లి చూస్తే అడాప్టర్ లైటు ఆరిపోయి ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా గాలిలో ఉన్న కొసతో ఆ లైటు వెలగలేదు. వెలగకూడదు కూడా. వెలగడమే తప్పు.

అనురాధ పాసైంది. ఉద్యోగం పర్మనెంటు అయింది. చుట్టాల్లో నా పేరు మోగిపోయింది. మా బావ చెయ్యి పెడితే చచ్చిన వైరైనా లేస్తది అంటుంది అందరితో. నేను తల వంచుకుని లడ్డు తింటాను.

కొత్త వైరు లాగాను, మెట్ల పక్కనుంచి, పైపు జోలికి పోకుండా. కొన్నాళ్లకి కింద షట్టరు కోసి తెరిచారు, బట్టల గోడౌన్ పెడతారట. సున్నం వేసేవాణ్ని గడప బయటినుంచే అడిగాను.

"లోపల ఏమన్న ఉందా అన్నా?"

"ఏముంటదన్నా? దుమ్ము. చెక్క కేబిన్లు. గోడకు కోసేసిన వైర్లు."

"అన్నీ కోసినవేనా?"

"ఔ. అన్నీ."

క్లిప్పు లేని వైరు టిక్ మనదు. వాడు సరిగ్గా చూడలేదేమో. సున్నం వేసేవాడికి వైరు కొస గురించి ఏం తెలుసు? నేను లోపలికి వెళ్లి చూసుకోవచ్చు. వెళ్లలేదు.

నిన్న వాళ్లింటికి వెళ్తే అత్తమ్మ చాయ్ ఇస్తూ నా మొహంలోకి చూసింది.

"గోడల సప్పుడు బందైంది అల్లుడా. గా బల్లి ఏడికి పోయినట్టు?"

చాయ్ తాగాను. గ్లాసు పెట్టేసి మెట్లు దిగాను.

మెట్ల దగ్గర ఆ పాత కొస ఇంకా వేలాడుతూనే ఉంది. అలవాటు ప్రకారం కోసి వదిలేయాలి. కటర్ తీశాను, దాని నోట్లో వైరు పెట్టాను కూడా. చెయ్యి నొక్కలేదు. నా లైన్లో నేను తిట్టనివాడు లేడు. కంపెనీవాణ్ని తిట్టాను, వాచ్‌మన్ని తిట్టాను, మిమ్మల్ని కూడా తిట్టాను. ఆ షట్టరు వెనక ఉన్నది వాడో, అదో, ఎలుకో, నా భ్రమో... దాన్ని తిట్టడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.