మల్లేశం కొట్టిన ఊ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మకం లేకపోవడమే కాదు, ఒళ్లు మంట. మా రచయితల సంఘానికి ఎవరైనా దయ్యం కథ పట్టుకొస్తే, "ఇది కథా, తాయెత్తుల ప్రకటనా?" అని మొహం మీదే అనేవాణ్ణి. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేశాను. పరీక్షకు నిలవనిది ఏదైనా చెత్తబుట్టలో వేయడమే నాకు తెలిసిన పని. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

తొంభైల చివర్లో, నెలకో ఆదివారం మధ్యాహ్నం పోతిరెడ్డిపల్లిలో కలిసేవాళ్లం. మాలో ఒకరైన యాదగిరి సారు అక్కడి బడి హెడ్మాస్టరు కాబట్టి ఒక గది దొరికింది. చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక అడ్డంగా కూర్చునేవాళ్లం. నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్లు కథ మధ్యలో గుర్రు పెట్టేవాళ్లు. అందుకే సారు ఒక పద్ధతి పెట్టాడు. ఇంట్లో ముసలమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊ కొడతారు కదా, ఇక్కడా ఒకరు ఊ కొట్టాలి. ఊ రాకపోతే చదివేవాడు ముందుకు పోగూడదు.

ఆ పని మల్లేశానిది. ఆయన రచయిత కాదు. మా కంపెనీలోనే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు, కంది అనే ఊరి పక్క పల్లె మనిషి. ఒకసారి నా వెంట ఊరికే వచ్చాడు, ఇక మానలేదు. కిటికీ పక్క బెంచీలో కూర్చుని కళ్లు మూసుకుని ఊ కొట్టేవాడు. ముక్కులో మొదలై గొంతులోకి దిగే పొడుగాటి ఊ. ఎంత చెత్త రాసినా, అది వింటే మనమూ రచయితలమే అనిపించేది. నిజం చెప్పాలంటే నేను ఆ ఊ కోసమే రాసేవాణ్ణి.

ఒకరోజు మల్లేశం సైకిల్ మీద డ్యూటీకి పోతుంటే బొంబాయి రోడ్డు మీద లారీ గుద్దింది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

తర్వాతి నెల సంతాప సభ పెట్టుకున్నాం. ఆయన భార్య సత్తెమ్మను ఆమె తమ్ముడు తీసుకొచ్చాడు. దినాలు అయిపోయినా ఆమె ఏడవలేదట, ఎవరితోనూ మాట్లాడలేదట. నలుగురిలో కూర్చుంటేనన్నా నోరు విప్పుతుందేమోనని అతని ఆశ. ఆమె వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంది.

"ఆయనకు ఉపన్యాసాలు ఏడ నచ్చుతయ్? కథే చదువు," అన్నాడు యాదగిరి సారు నాతో. కథ తీసి మొదటి పేరా చదివాను. అలవాటు కొద్దీ ఆగాను. ఊ కొట్టేవాళ్లు లేరు. ఆయన పని నెత్తిన వేసుకోవడానికి ఎవరికి మనసొస్తుంది?

"ఊ."

కిటికీ పక్క నుంచి వచ్చింది. ముక్కులో మొదలై గొంతులోకి దిగింది.

అలవాటు ఎంత చెడ్డదంటే, నేను రెండో పేరా కూడా చదివేశాను. మళ్లీ ఊ. అప్పుడు తలెత్తాను. అందరూ ఖాళీ బెంచీ వైపు చూస్తున్నారు. యాదగిరి సారు చేతిలో గ్లాసు వంగి చాయ్ ఒళ్లోకి కారుతోంది, ఆయనకు తెలియడం లేదు. చదవాలంటే భయం, ఆపాలన్నా భయం. చివరిదాకా చదివాను. ఆగిన ప్రతిచోటా ఊ వచ్చింది.

సత్తెమ్మ లేచింది. పోయి ఆ బెంచీ చివర కూర్చుంది.

"ఏమయ్యా, పిల్ల బడికి పోతలేదు. నాయినొస్తెనే పోత అంటున్నది. ఏం జెప్పాలె దానికి?"

చప్పుడు లేదు.

"ఇంట్ల నేనేమన్న చెప్పవోతె పండుకుంటుంటివి. డ్యూటీ జేసి అలిసిండు తియ్ అని నేను గూడ ఊకుంటుంటి. గిప్పుడన్న జెర ఇను."

చెప్పి, ఆగింది. మా పద్ధతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఒక్క ఊ, ఒక్కటంటే ఒక్కటి రావాలని, ఏ దేవుడికీ దండం పెట్టని నేను లోపల మొక్కుకున్నాను. రాలేదు. తట్టుకోలేక యాదగిరి సారు మెల్లగా "ఊ" అన్నాడు.

ఆమె తల తిప్పలేదు. "మీరు గాదు సారూ," అంది.

ఆ తర్వాత ఒక రోజు ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఫ్యాను వేసి చూశాను. కిటికీ రెక్కలు ఆడించి చూశాను. అదే కథ అదే గొంతుతో చదివాను. ఏమీ వినపడలేదు. ఆమెకు దక్కాల్సింది నాకు దక్కిందనిపించి, సంఘంలో మళ్లీ ఎప్పుడూ చదవలేదు.

ఆ ఊ ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. కల్పించి రాసిన నా కథకు అన్నిసార్లు పలికిన గొంతు, కట్టుకున్నదాని మాటకు ఒక్కసారి కూడా ఎందుకు పలకలేదో, అది అసలే తెలియదు.