సాంచాలు ఆపి విన్న ఊపిరి

ముందే ఒప్పుకుంటున్నాను: నేను పెంచి చెబుతాను. మా ఇంట్లో పాము దూరిందని అరిస్తే, సిరిసిల్లలో మా వీధివాళ్లు వానపామనుకుని చీపురు పట్టుకొస్తారు. మీరూ కాస్త తరుగు తీసి చదవండి.

మా బిడ్డ అక్షయకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఒక మధ్యాహ్నం దాని గురక, పక్క షెడ్డులోని మా ఎనిమిది సాంచాల చప్పుడును దాటి వినపడింది. సాంచాలంటే మా మరమగ్గాలు. గురక మధ్యలో ఊపిరి ఆగేది, మళ్లీ ఉలిక్కిపడి అందుకునేది. జగిత్యాలలో ఈఎన్‌టీ డాక్టర్ ఎక్స్‌రే చూసి, “టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగినయి. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రల ఊపిరి ఆగుడు. సర్జరీ చేద్దాం” అన్నారు. టాన్సిల్స్ నిమ్మకాయలంత ఉన్నాయని బంధువులకు చెప్పాను. ఆ మాట కోరుట్ల చేరేసరికి బత్తాయిలయ్యాయి.

సర్జరీ బాగా జరిగింది. డిశ్చార్జ్ రోజు డాక్టర్, “పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ సిరప్‌లు టైముకు వెయ్యండి. మూడోరోజు నొప్పి పెరుగుతది. తట్టుకోకపోతే నాకు ఫోన్ చెయ్యండి, వేరే మందు వద్దు” అన్నారు.

మూడోరోజు పెరిగింది. “డాడీ, గొంతుల ముండ్లున్నయ్” అని సిరప్ ఉమ్మేసింది. దాని ఏడుపుకు మానేరు డ్యాం గేట్లు చాలవు. మా ఆవిడ వంటింట్లో జావ కాస్తోంది. పిల్లను చూడటానికి కోరుట్ల నుంచి వచ్చిన బామ్మర్ది జేబులోంచి గోలీలు తీశాడు. తన నడుం నొప్పికి రాసిన ట్రమడాల్.

“అరగోలి ఏయి బావా. పిల్లకు సగమే గదా!”

వేశాను. గంటలో పిల్ల నిద్రపోయింది. ఇల్లంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. పిల్ల తప్ప.

నీలంగా మారిన పెదవులు చూసి ముక్కు దగ్గర చెవి పెట్టాను. సాంచాల మోత తప్ప ఏమీ వినపడలేదు. షెడ్డులోకి ఉరికి మెయిన్ స్విచ్ గుంజాను.

“ఏమైందన్నా, కరెంటు పోయిందా?” అన్నాడు కార్మికుడు.

“ఎవ్వలు మాట్లాడకుండ్రి!”

ఆ నిశ్శబ్దంలో పిల్ల దగ్గరికి తిరిగొచ్చి చెవి పెట్టాను. ఒక ఊపిరి వినపడింది. తర్వాత ఖాళీ. చాలాసేపటికి ఇంకొకటి. అన్నీ పెంచి చెప్పే నాకు ఆ ఖాళీని పెంచడం చేతకాదు.

ఎంత కుదిపినా లేవలేదు. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. డ్యూటీ డాక్టర్ కళ్లలో లైటు వేసి, “ప్యూపిల్స్ పిన్‌పాయింట్ ఉన్నయ్, కంటిపాపలు సూదిమొనంతే. ఏమిచ్చిండ్రు? నిజం చెప్పుండ్రి” అంది. ఆక్సిజన్ పెట్టి, మత్తుకు విరుగుడు నాలోక్సోన్ ఇచ్చారు.

“ట్రమడాల్. మా బామ్మర్ది ఇచ్చిండు మేడం.”

“పన్నెండేళ్లలోపు పిల్లలకు అది ఇయ్యద్దు. ఆప్నియా ఉండి టాన్సిల్స్ తీసిన పిల్లకు అసలే వద్దు. ఊపిరి ఆగిపోతది. పెద్దోళ్ల గోలిని సగం జేస్తే పిల్లల మందు కాదు!”

మర్నాడు అక్షయ కళ్లు తెరిచి, “ఐస్‌క్రీం ఇస్తమన్నరు, ఏది?” అంది.

నొప్పి ఇంకో వారం ఉంది. ఈసారి నేను డాక్టర్ మాట దాటలేదు. సిరప్‌ల టైములు షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసి, చెంచా పట్టుకుని కావలి కాశాను. పక్కింటి అత్త, “గింత గోలికి గంత భయమా?” అని వెక్కిరించింది. “భయమే అత్తా” అన్నాను.

ఏడాదైంది. పిల్ల గురక లేకుండా పడుకుంటుంది. మీకు చెప్పేదొక్కటే: పెద్దవాళ్ల ఆపరేషన్‌లో మిగిలిన నొప్పి గోలీలు ఇంట్లో దాచకండి, ఎలా పారేయాలో మందులషాపులో ఈ రోజే అడగండి.

ఇక తరుగు సంగతి. బత్తాయిలు, డ్యాం గేట్లు మీరే తీసేసి ఉంటారు. పూర్తిగా కల్పించింది ఒక్కటే. ఆ గోలీలు బామ్మర్దివి కావు. నా హెర్నియా ఆపరేషన్‌లో మిగిలి, నా బీరువాలో ఉన్నవి. అతను అన్నది, “డాక్టర్‌కు ఫోన్ కొట్టు బావా” అని మాత్రమే. ఏడాదిగా మా ఆవిడ తన తమ్ముడితో మాట్లాడటం లేదు. అయినా అతను నా అబద్ధం బయటపెట్టలేదు.

నిన్న మధ్యాహ్నం సాంచాలన్నీ బంద్ పెట్టి, ఇది ముందు మా ఆవిడకు చదివి వినిపించాను.