పుప్పాలగూడ గడి

మా షిఫ్ట్ లీడ్ సార్ పోయారని బుధవారం సాయంత్రం ఆరింటికి తెలిసింది. కొండాపూర్ ఆఫీసులో ఇంటికి బయల్దేరబోతూ బ్యాగు సర్దుకుంటున్నాను. ఆయన భార్య ఫోన్ నుంచి పక్కింటావిడ మాట్లాడింది. గుండెపోటట, దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం పోయి చాలాసేపయిందని డాక్టర్లు అన్నారట. చాలాసేపయింది అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. ఎందుకంటే ఆ రోజు పొద్దున ఆయన ఇంటి నుంచి మాకొక కబురు వచ్చింది. దాని నోరు మూయించింది నేనే.

మా పని గురించి బయటివాళ్ళకు కాస్త చెప్పాలి. ఎక్కడెక్కడో ఉన్న ఆసుపత్రులు, బడులు, బ్యాంకు శాఖల కంప్యూటర్ నెట్‌వర్క్‌లు ఆగిపోకుండా కనిపెట్టుకుని ఉండటం మా ఉద్యోగం. గోడ నిండా పెద్ద తెరలుంటాయి. తెర మీద ఒక్కో చోటుకు ఒక్కో గడి, సార్ మాటల్లో డబ్బా. లైన్ బాగుంటే గడి పచ్చగా ఉంటుంది, తెగితే ఎర్రబడి కూత పెడుతుంది. చూశాను అన్నట్టు ఒక బటన్ నొక్కి, కారణం రాస్తే కూత ఆగుతుంది. నొక్కినవాళ్ళ పేరు, టైము, రాసిన కారణం రికార్డులో ఉండిపోతాయి. తర్వాత చెరపడానికి వీలుండదు.

సార్ ఈ పనిలోకి వచ్చింది టెలిఫోన్ స్తంభాలెక్కే ఉద్యోగం నుంచి. పుప్పాలగూడలోనే పుట్టి పెరిగిన మనిషి. చుట్టూ ఇరవై అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచినా ఆయన తన రెండంతస్తుల పాత ఇంట్లోనే ఉన్నారు. ఆఫీసు ఏసీ పడక నడి ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని కూర్చునేవారు. ఒంటిగంటన్నర కాగానే స్టీలు డబ్బా తెరిచి జొన్నరొట్టె తుంచి అందరి ముందూ పెట్టేవారు. వద్దంటే ఒప్పుకునేవారు కాదు. నేను చేరిన మొదటి రోజు మీది ఏ ఊరని అడిగి, చెప్పగానే నాకు కాకినాడ అని పేరు పెట్టేశారు. ఎనిమిదేళ్ళూ అదే పిలుపు. ఆఫీసులో ఇంకెవరైనా అలా పిలిస్తే ఊరుకునేదాన్ని కాదు.

ఆయన దగ్గర ఒక పొడవాటి రూళ్ళ పుస్తకం ఉండేది. తెర మీద ఉన్న ప్రతి గడికీ అందులో ఒక పేజీ, పేజీలో మూడు ఫోన్ నంబర్లు. ఇంజనీర్లవో మేనేజర్లవో కాదు. వాచ్‌మన్‌ది, ఆయాది, ఎదురుగా ఉన్న టీ కొట్టాయనది. గడి ఎర్రబడితే సార్ మొదట వాళ్ళకు ఫోన్ చేసేవారు. పిల్లలు ఎట్లున్నరు, వానలు పడ్డయా అని రెండు ముక్కలు మాట్లాడి, ఆ తర్వాత మెల్లగా లైన్ సంగతిలోకి దిగేవారు. కాలయాపన అని మాకు విసుగు. వెనక నవ్వుకునేవాళ్ళం కూడా.

నేను చేరిన కొత్తలో, జిల్లాలో ఉన్న ఒక బడి గడి ఎర్రబడింది. అక్కడ కరెంటు కోతలు మామూలే కాబట్టి 'కరెంటు పోయి ఉంటుంది' అని రాసి బటన్ నొక్కేశాను. సార్ తన కుర్చీ నా పక్కకు లాక్కున్నారు.

"అడిగినవా?" అన్నారు.

లేదండీ, అక్కడ రోజూ పోతుంది కదండీ అన్నాను.

"ఏంది కాకినాడ, డబ్బా ఎర్రగయిందంటే డబ్బా సంగతే తెలిసినట్టు. ఆడున్న మనిషి సంగతి డబ్బా చెప్తదా? ఫోన్ కొట్టు."

కొట్టాను. ఆయా ఎత్తింది. బ్యాటరీలు పెట్టిన గదిలోంచి పొగ వస్తోందేమిటని నన్నే అడిగింది. పక్క గదిలో మూడో తరగతి పిల్లలున్నారు. సార్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ముందు పిల్లలను బయటికి తోలమని, తర్వాత మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూసి దించమని ఆమెకు ఒక్కొక్క మాటా చెప్పారు. గొంతు పెంచలేదు. పని అయ్యాక నన్ను ఒక్క మాట అనలేదు, జొన్నరొట్టె మాత్రం రోజుకంటే పెద్ద ముక్క పెట్టారు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి అడగకుండా బటన్ నొక్కనని ఒట్టు పెట్టుకున్నాను, ఎనిమిదేళ్ళు దాదాపు నిలబెట్టుకున్నాను కూడా.

తెరలో అట్టడుగున, కుడి మూల, పుప్పాలగూడ అని ఒక గడి ఉంటుంది. అది సార్ ఇల్లు. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు పనిచేస్తోందో లేదో చూడటానికి తన ఇంటి లైన్‌నే కలిపారు. తర్వాత తీసేయలేదు. ఆంటీ మీద నిఘా పెట్టారా సార్ అని మేం ఆటపట్టిస్తే, "ఆమెకు కోపమొస్తే నెట్ కాదు, నన్నే బంద్ చేస్తది" అని నవ్వేవారు. ఆంటీ, అంటే ఆయన భార్య, ప్రభుత్వ బడిలో టీచర్. పొద్దున పోతే సాయంత్రం అయిదింటికి గాని ఇంటికి రారు.

ఆ బుధవారం సార్‌కు సెలవు. షిఫ్ట్ నా చేతిలో ఉంది. ఒక పెద్ద కస్టమర్‌ను పాత లైన్ల నుంచి కొత్తవాటికి మారుస్తున్నాం. హెడ్‌ఫోన్లో అయిదుగురు ఒకేసారి అరుస్తున్నారు. పదకొండూ నలభైకి పుప్పాలగూడ గడి ఎర్రబడి కూత పెట్టింది. వాళ్ళ వీధిలో రోడ్డు తవ్వుతున్నారు. సోమ, మంగళవారాల్లో కరెంటు నాలుగుసార్లు పోయింది, నాలుగుసార్లూ గడి ఎర్రబడింది, నాలుగుసార్లూ సారే మా పక్కనే ఉండి నవ్వి ఊరుకున్నారు. నేను చెయ్యి చాచి బటన్ నొక్కాను. 'కరెంటు పోయి ఉంటుంది' అని రాశాను. రెండు సెకన్లు పట్టిందేమో. సాయంత్రం దాకా మళ్ళీ ఆ మూలకు చూడలేదు.

ఆంటీ తాళం తీసుకుని లోపలికి వెళ్ళేసరికి ఆయన హాల్లో పడి ఉన్నారు. పక్కనే స్టూలు బోర్లా పడి ఉంది. దాని మీదుండే ఇంటర్నెట్ డబ్బా వైరు ఊడి ఆయన చెయ్యి కిందికి వచ్చింది. ఇది మర్నాడు శ్మశానం దగ్గర ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. ఆ రాత్రే ఆఫీసుకు వచ్చి రికార్డు తెరిచి చూసుకున్నాను. నా పేరు, పదకొండూ నలభై, కరెంటు పోయి ఉంటుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత ఆయన రూళ్ళ పుస్తకం తీశాను. పుప్పాలగూడకూ పేజీ ఉంది. ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ తిప్పని పేజీ. మొదటిది ఆయన నంబరు. రెండోది ఆంటీది. మూడోది ఇంటి కింద ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయనది. దాని పక్కన సార్ చేతిరాతలో చిన్నగా, 'మేం ఎత్తకపోతే ఈయనను పైకి పంపాలి' అని ఉంది. పుస్తకం మూసి బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ గడి తీసేయమని మేనేజర్ అన్నాడు. నాకు చేతులు రాలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం అది ఉన్నట్టుండి పచ్చబడింది. ఆంటీ డబ్బా తీసి మళ్ళీ స్టూలు మీద పెట్టారన్నమాట.

దినాల రోజు వెళ్ళాను. వచ్చినవాళ్ళంతా భోజనాలు చేసి వెళ్ళాక ఆంటీ నన్ను హాల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఎప్పుడూ నన్ను బిడ్డా అని పిలిచే మనిషి. ఆ రోజు పిలవలేదు. ఉతికిన తువ్వాలు ఒకటి మడతపెడుతూ అడిగారు.

"మా ఇల్లు మీ ఆఫీసుల కనవడ్తదని ఆయన చెప్పేటోడు. గా రోజు ఎర్రగ కనవడ్డదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ హాల్లో కూర్చుని చెప్పలేకపోయాను.

"కనబడిందండి. పదకొండూ నలభైకి."

"ఎవరు చూసిన్రు?"

"నేనేనండి. కరెంటు పోయిందనుకున్నాను. ఫోన్ చెయ్యలేదు."

ఆమె తువ్వాలు విప్పి మళ్ళీ మొదటి నుంచి మడతపెట్టారు.

"గా రోజు కరెంటు పోలే," అన్నారు. "పదకొండున్నర సంది నాకు క్లాసు లేకుండె. ఫోన్ చేతులనే ఉండె," అన్నారు.

అంతే. తిట్టలేదు, ఏడవలేదు, ఫర్వాలేదనీ అనలేదు. వెంటనే ఎవరైనా పైకి వెళ్ళి ఉంటే ఆయన బతికేవారా అని నేను ఏ డాక్టర్‌నూ అడగలేదు. ఆమె అడిగారో లేదో నాకు తెలియదు. టీ గ్లాసు కింద పెట్టాను. లేచి చెప్పులు వేసుకుంటుంటే గడప దాకా వచ్చారు.

"మీ తెర మీదికెల్లి మా డబ్బా తీసెయ్యకు. ఇగ నేనొక్కదాన్నే ఉంట ఈడ. ఎర్రగయితే ఫోన్ కొట్టు."

సార్ మాకు పెద్ద ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. అవార్డులు తీసుకున్న మనిషీ కాదు, ఆయన ఫోటో ఆఫీసులో ఎక్కడా లేదు. అడగడం ఒక్కటే నేర్పారు. ఆయన దగ్గర అందరికంటే బాగా నేర్చుకున్నది నేనేనని మా వాళ్ళంటారు. వాళ్ళకు రికార్డులో నా పేరు చూసే అవసరం రాలేదు. ఇక్కడ రాశాను కాబట్టి ఇప్పుడు చూస్తారు, చూడనివ్వండి.

మొన్న శనివారం మూడింటికి శేరిలింగంపల్లి నుంచి పుప్పాలగూడ దాకా మబ్బు కమ్మి పెద్ద వాన పడింది. మూలనున్న ఆ గడి ఎర్రబడి కూత పెట్టింది. కిటికీలోంచి చూస్తే ఎదురు భవనాల్లోనూ లైట్లు ఆరిపోయి ఉన్నాయి. కరెంటే. చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. కూత అలాగే మోగనిచ్చి రూళ్ళ పుస్తకం తీశాను. మొదటి నంబరు మీద వేలు పడి, కిందికి జరిగింది. రెండోదానికి కొట్టాను. ఆరుసార్లు మోగింది. ఏడోసారి మోగేలోపు మూడో నంబరు వేరే ఫోన్లో నొక్కి పట్టుకున్నాను.

ఎత్తారు.

"కరెంటు పోయింది," అన్నారు ఆంటీ. "ఉన్న."

సరేనండి అన్నాను. ఒంటి చేత్తో 'కరెంటు పోయింది, అడిగాను' అని రాసి బటన్ నొక్కాను. కూత ఆగింది. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. ఆ హాల్లో కిటికీ తెరిచి ఉన్నట్టుంది. గడి మళ్ళీ పచ్చబడేదాకా అటువైపు వాన చప్పుడు వింటూ కూర్చున్నాను.